పసిమనసు చెప్పేది వినే చికిత్స

పెద్దవయసులో కనిపించే మానసిక వ్యాధుల్లో దాదాపు సగం 14 ఏళ్ళ లోపే మొదలవుతాయని, వాటిలో చాలాభాగం ఆ వయసులో ఎవరి కంటా పడకుండా, చికిత్సకు నోచుకోకుండా ఉండిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా హెచ్చరిస్తోంది. 10 నుంచి 19 ఏళ్ళ వయసున్న ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో బతుకుతున్నారన్నది ఆ సంస్థ అంచనా. భారతదేశం వరకు చూస్తే, బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక రుగ్మతలున్నట్టు తేల్చింది. ఈ లెక్కన నలభై మంది కూర్చునే తొమ్మిదో తరగతి గదిలో సగటున ముగ్గురు పిల్లలకు సాయం అవసరం. ఆ ముగ్గురూ ఎవరో తరగతి ఉపాధ్యాయుడికి గాని, ఇంట్లో తల్లిదండ్రులకు గాని తెలిసి ఉండే అవకాశం తక్కువ. మనసు బాగాలేని పిల్లలు ఆ సంగతిని మాటల్లో చెప్పడం చాలా అరుదు.

చెప్పకపోవడానికి కారణం దాపరికం కాదు. తనలో కలుగుతున్న బాధకు పేరు పెట్టడం, అది ఎప్పుడు మొదలైందో గుర్తు తెచ్చుకోవడం, దాని కారణాన్ని విడిగా తీసి చూడడం ఎదిగిన మనసు చేయగలిగిన పనులు. ఆరేళ్ళ పిల్లవాడికి ఆ శక్తి ఇంకా రాదు. పదిహేనేళ్ళ అమ్మాయికి వచ్చినా, చెబితే ఇంట్లో ఏమవుతుందోనన్న భయం ఆమె నోరు కట్టేస్తుంది. అందువల్ల పిల్లల బాధ వేరే దారులు వెతుక్కుంటుంది. సెలవు రోజుల్లో జాడ లేకుండా పోయి సోమవారం పొద్దున్నే తిరిగివచ్చే కడుపునొప్పి, పక్క తడిపే అలవాటు మానిన పిల్లవాడు మళ్ళీ తడపడం, నలుగురితో కలిసి ఆడే పిల్ల మూల చేరడం, ముద్ద దిగకపోవడం, అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టకపోవడం, మార్కులు ఉన్నట్టుండి పడిపోవడం అటువంటి దారులే. కుంగుబాటు అంటే వారాల తరబడి వదలని దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిస్సత్తువ కలగలిసిన వ్యాధి. అది పెద్దల్లో విచారంగా కనిపిస్తే, పిల్లల్లోనూ కౌమారంలోనూ చాలాసార్లు చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. వ్యాధి నిర్ధారణకు వైద్యులు ఉపయోగించే ప్రమాణాలు సైతం ఈ వయసులో విచారానికి బదులు చిరాకును లక్షణంగా అంగీకరిస్తాయి. మాటకు మాట ఎదురు చెప్పి తలుపు ధడాలున వేసుకునే కొడుకును చూసి పొగరెక్కిందనుకునే తండ్రికి, ఆ కోపం అడుగున దిగులు ఉండవచ్చునని తట్టడం కష్టమే. అలాగని ప్రతి అలకనూ వ్యాధిగా భావించనక్కరలేదు. ఈ మార్పు రెండు వారాలకు మించి నిలిచి, తిండినో నిద్రనో చదువునో స్నేహాలనో దెబ్బతీస్తున్నప్పుడు మాత్రం దాన్ని వయసు ప్రభావమని సరిపెట్టుకోకూడదు.

మాటల్లో చెప్పలేనివారి గోడును వినడం ఎలాగన్న చిక్కు చుట్టూనే పిల్లల మానసిక చికిత్స అంతా పెరిగింది. ఆ చికిత్స ఏమి చేస్తుందో దగ్గరగా చూసినప్పుడు, కౌన్సెలింగ్ అంటే ఎవరో గట్టివాడి చేత పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పించడమేనన్న అభిప్రాయం ఎంత పొరపాటో తెలుస్తుంది. హితబోధకు మన ఇళ్ళలో గాని, బడుల్లో గాని ఏనాడూ కొరత లేదు; పిల్లలకు దొరకనిది తమ మాట చివరిదాకా వినే మనిషి.

ఈ రంగం తొలినాళ్ళలో పిల్లలకు నేరుగా చికిత్స చేయవచ్చన్న నమ్మకమే ఉండేది కాదు. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1909లో ప్రచురించిన ఐదేళ్ళ బాలుడి ఉదంతంలో చికిత్స చాలావరకు బాలుడి తండ్రి ద్వారా సాగింది. మాటలు చాలని చోట ఆటను ఆశ్రయించాలన్న ఆలోచనను 1920ల నుంచి మెలనీ క్లైన్, అన్నా ఫ్రాయిడ్ చెరొక దారిలో ముందుకు తీసుకువెళ్ళారు. పిల్లల ఆటను నేరుగా మనసు లోతులకు దారిగా క్లైన్ భావిస్తే, ముందు పిల్లలతో నమ్మకమైన సంబంధం ఏర్పడాలని, తల్లిదండ్రులను కలుపుకోకుండా ఏదీ సాగదని అన్నా ఫ్రాయిడ్ వాదించారు. వారిద్దరి మధ్య వివాదం ఏళ్ళ తరబడి నడిచింది. ఈనాటి వైద్యుల ఆచరణను బట్టి చూస్తే, తల్లిదండ్రుల విషయంలో అన్నా ఫ్రాయిడ్ మాటే నిలిచిందని చెప్పాలి. 1947లో అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ ప్లే థెరపీ మీద రాసిన పుస్తకం ఆటతో చేసే చికిత్సకు స్పష్టమైన సూత్రాలను ఏర్పరచింది. పిల్లవాడు దారి చూపాలి, చికిత్సకుడు వెనక నడవాలి అన్నది వాటిలో ముఖ్యమైనది.

ప్లే థెరపీ గదిలో ఖరీదైన వస్తువులేమీ ఉండవు. ఒక బొమ్మరిల్లు, అందులో తల్లి, తండ్రి, పిల్లలు, తాత, అమ్మమ్మల బొమ్మలు, పులి, పాము, ఆవు వంటి జంతువులు, వైద్యుడి సంచి, బంకమట్టి, రంగులు, కాగితాలు, ఒక వెడల్పాటి పళ్ళెంలో ఇసుక ఉంటాయి. వారానికొకసారి, ముప్పావుగంటకు కాస్త అటూఇటూగా, పిల్లవాడు అక్కడ తనకు తోచినట్టు ఆడుకుంటాడు. వాడు నాన్న బొమ్మను తీసి ఇసుకలో పూడ్చిపెట్టాడనుకుంటే, ఇంట్లో పెద్దలైతే 'తప్పు, అలా చేయకూడదు' అంటారు, లేదా ఎందుకు చేశావని నిలదీస్తారు. చికిత్సకురాలు ఆ రెండూ చేయదు. 'ఆ బొమ్మ ఇసుక కిందికి వెళ్ళిపోయింది, ఇప్పుడది ఎవరికీ కనబడదు' అని చూసినదాన్ని చూసినట్టు చెప్పి ఆగుతుంది. తనను ఒకరు గమనిస్తున్నారని, తీర్పు చెప్పడం లేదని గ్రహించిన పిల్లవాడు మరుసటి వారం ఆ కథను ఇంకొంచెం ముందుకు నడుపుతాడు. బొమ్మ బయటికి రావచ్చు, దానికి దెబ్బలు తగలవచ్చు, వైద్యుడి సంచి తెరుచుకోవచ్చు. ఈ గదిలో హద్దులు లేకపోలేదు. 'నీకు కోపం వచ్చింది, అయితే నన్ను కొట్టకూడదు, ఆ దిండును కొట్టవచ్చు' అని మెత్తగానూ స్థిరంగానూ చెప్పడం చికిత్సలో భాగమే, ఎందుకంటే కోపం తప్పు కాదని, దాన్ని చూపే పద్ధతిలో ఎంపిక ఉందని పిల్లవాడు తెలుసుకునేది అక్కడే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నల్లరంగుతో బొమ్మ వేసిన ప్రతి పిల్లా దిగులులో ఉందని, చేతులు లేని మనిషిని గీసిన ప్రతి పిల్లవాడూ హింసకు గురయ్యాడని తేల్చే వివరణలు ఫోన్లలో విరివిగా తిరుగుతున్నాయి. ఒక్క బొమ్మ నుంచి అటువంటి నిర్ణయానికి రావడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. అనుభవమున్న చికిత్సకులు ఒకే బొమ్మను కాకుండా వారాల మీద మళ్ళీ మళ్ళీ వచ్చే ఆటనూ, ఇంటినుంచి, బడినుంచి తెలిసే సంగతులనూ కలిపి చూస్తారు.

ఆటతో అర్థం చేసుకునే సంప్రదాయం ఒకటైతే, అనుభవంతో భయాన్ని కరిగించే సంప్రదాయం మరొకటి. దీనికి తొలి ఉదాహరణ 1924లో న్యూయార్క్‌లో మేరీ కవర్ జోన్స్ ప్రచురించిన అధ్యయనం. మూడేళ్ళు నిండని పీటర్‌కు కుందేలంటే విపరీతమైన భయం; బొచ్చు కోటు, ఈకలు, దూది చూసినా ఏడ్చేవాడు. భయపడవద్దని నచ్చజెప్పే బదులు జోన్స్ అతణ్ణి భయంలేని పిల్లలతో కలిపి ఆడనిచ్చి, ఆ గదిలోనే కుందేలును ఉంచింది. కొంత మేలు కనిపించాక పీటర్ జబ్బుపడి ఆసుపత్రి పాలయ్యాడు, అక్కడినుంచి తిరిగివస్తుండగా ఒక పెద్ద కుక్క మీదికి ఉరకడంతో భయం మొదటికి వచ్చింది. అప్పుడామె పద్ధతి మార్చి, పీటర్ తనకిష్టమైన తినుబండారాలు తింటున్నప్పుడు కుందేలును బోనులో పెట్టి దూరంగా ఉంచి, అతని తిండికి ఇబ్బంది కలగనంత మేరకే రోజురోజుకూ దగ్గరికి జరుపుతూ వచ్చింది. చివరికి పీటర్ కుందేలును నిమిరే దాకా వచ్చాడు. కుందేలుతో పాటు దూది, ఈకల భయాలు కూడా వాటంతటవే తొలగిపోయాయి. భయపడుతున్న దానికి చిన్నచిన్న అడుగులతో దగ్గర చేయడం, ఒక అడుగు తడబడితే వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టడం ఈనాటికీ పిల్లల ఆందోళనకు చేసే చికిత్సలో అతి ముఖ్యమైన భాగం.

దీనికి ఆలోచనలను పరీక్షించుకునే నేర్పును జోడించినదే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే తలలో తిరిగే ఆలోచనలు, ఒంట్లో కలిగే భావాలు, చేసే పనులు ఒకదాన్నొకటి ఎలా పెంచుతున్నాయో పిల్లలకే చూపించి, ఆ వలయాన్ని ఒకచోట తెంచడం నేర్పే చికిత్స. బడి అంటే భయపడి ఇంట్లోనే ఉండిపోతున్న పదేళ్ళ పిల్లను తీసుకుంటే, ఇల్లు కదలని రోజు ఆమెకు ఎంతో ఊరట కలుగుతుంది, ఆ ఊరటే మరుసటి రోజు భయాన్ని ఇంకొంత పెంచుతుంది. అందువల్ల చికిత్సకురాలు ఆ పిల్లతో కలిసి ఒక నిచ్చెన తయారుచేస్తుంది. యూనిఫాం వేసుకుని ఇంట్లో కూర్చోవడం మొదటి మెట్టు, సెలవురోజున అమ్మతో బడి గేటు దాకా వెళ్ళిరావడం రెండోది, నచ్చిన టీచరు ఉన్న ఒక్క పీరియడు కూర్చుని రావడం మూడోది, భోజనం బెల్లు దాకా ఉండడం నాలుగోది. ఒక్కో మెట్టుమీద భయం ఎంత ఉందో సున్నా నుంచి పదిలోపు పిల్లే అంకె వేస్తుంది. భయం తగ్గేదాకా అదే మెట్టుమీద నిలబడుతుంది. 'అందరూ నన్ను చూసి నవ్వుతారు' అన్న ఆలోచనకు ఆధారమేమిటో, నిన్న నిజంగా ఎంతమంది నవ్వారో తనే లెక్క చూసుకుంటుంది. ఈ చికిత్స వల్ల కలిగే ఫలితం లెక్కకు అందినదే. 7 నుంచి 17 ఏళ్ళ వయసున్న 488 మంది పిల్లల మీద అమెరికాలో జరిగి, 2008లో వెలువడిన అధ్యయనంలో 12 వారాలకు ఈ చికిత్స పొందినవారిలో దాదాపు 60 శాతం, సెర్ట్రలీన్ అనే మందు వాడినవారిలో దాదాపు 55 శాతం, రెండూ కలిపి పొందినవారిలో 81 శాతం మందికి బాగా మెరుగుపడింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో మెరుగుపడింది 24 శాతం మందే.

ఈ రెండు సంప్రదాయాల్లోనూ పిల్లలతో పనిచేయడం సగమే. మిగిలిన సగం తల్లిదండ్రులతో, కొన్ని సమస్యల్లోనైతే దాదాపు మొత్తం వారితోనే జరుగుతుంది. చిన్నపిల్లల మొండితనం, కొట్టడం, విసరడం మీద అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ పాటర్సన్ ఏళ్ళ తరబడి ఇళ్ళలో గమనించి కనుగొన్న సంగతి ఏ తెలుగింటికైనా సరిగ్గా సరిపోతుంది. పిల్లవాడు ఫోను కోసం ఏడుస్తాడు, తల్లి వద్దంటుంది, వాడు కేకలు పెట్టి నేలమీద దొర్లుతాడు, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని తల్లి ఫోను ఇచ్చేస్తుంది. అరిస్తే పని జరుగుతుందని పిల్లవాడు నేర్చుకున్నాడు. ఇచ్చేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని తల్లి నేర్చుకుంది. ఈ పాఠం రోజూ ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటే, మధ్యలో తండ్రి వచ్చి రెండు దెబ్బలు వేయడం వల్ల అది మరింత గట్టిపడుతుందే గాని మారదు. ఇందుకు చికిత్స పెద్దలకే నేర్పాలి: పిల్లవాడు బాగా ఉన్న క్షణాన్ని గమనించి వెంటనే మెచ్చుకోవడం, రోజులో కొంతసేపు ఏ ఆజ్ఞలూ లేకుండా వాడితో ఆడుకోవడం, ఒకే మాట స్పష్టంగా చెప్పి దానిమీద నిలబడడం, చిన్న పేచీని పట్టించుకోకుండా వదిలేయడం. నాయనమ్మ, తాతలు కలిసి ఉండే ఇంట్లో వారిని కూడా ఈ ఒప్పందంలోకి తీసుకురావలసి ఉంటుంది, లేకపోతే ఒకరు కాదన్నది ఇంకొకరు చాటుగా ఇచ్చేస్తారు. 'మమ్మల్ని కాదు, వాణ్ణి బాగుచేయండి' అని తల్లిదండ్రులు నొచ్చుకోవడం సహజం. అయితే ఇందులో వారిని తప్పుపట్టడం ఏమీ లేదు, వారానికి ముప్పావుగంట చూసే చికిత్సకుడి కన్నా రోజంతా చూసే తల్లిదండ్రుల చేతిలోనే మార్పు తెచ్చే శక్తి ఎక్కువగా ఉందని గుర్తించడమే ఉంది.

ఎడబాటు గురించి ఈ శాస్త్రం చెప్పిన మాట తెలుగు సమాజం ప్రత్యేకించి వినవలసినది. 1950ల వరకు లండన్ ఆసుపత్రుల్లో చేరిన పసిపిల్లలను చూడడానికి తల్లిదండ్రులకు చాలా కొద్ది సమయమే ఇచ్చేవారు. వాళ్ళు వచ్చి వెళితే పిల్లలు ఏడ్చి గొడవ చేస్తున్నారని, రాకపోతే త్వరగా సర్దుకుంటున్నారని నర్సులు నమ్మేవారు. తల్లీబిడ్డల ఎడబాటు మీద పరిశోధించిన మనోవైద్యుడు జాన్ బౌల్బీతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళ పాప మీద ఒక డాక్యుమెంటరీ తీసి, ఆ సర్దుబాటు వెనక ఉన్నదేమిటో వైద్యులకు చూపించాడు. ముందు ఏడ్చి పోట్లాడే దశ, తరవాత ఆశ వదులుకుని మౌనంగా ముడుచుకునే దశ, ఆ తరవాత ఎవరినీ పట్టించుకోనట్టు పైకి ప్రశాంతంగా కనిపించే దశ ఉంటాయని, 'సర్దుకున్నాడు' అని పెద్దలు సంతోషించేది నిజానికి రెండో మూడో దశలోనని అతడు గుర్తించాడు. 1959లో బ్రిటన్ ప్రభుత్వానికి అందిన ప్లాట్ నివేదిక, పిల్లల వార్డుల్లో తల్లిదండ్రుల రాకకు ఆంక్షలు ఉండకూడదని సిఫార్సు చేసింది. పసిపాపకు వర్తించిన దాన్ని పదహారేళ్ళ విద్యార్థికి యథాతథంగా వర్తింపజేయలేము. అయినా, పదో తరగతి పాసైన వెంటనే రెసిడెన్షియల్ కళాశాలలో చేర్పించి, మొదటి నెల ఫోనులో ఏడ్చిన అమ్మాయి రెండో నెలలో ఏడవడం మానేసిందని తేలికపడే తల్లిదండ్రులు, ఆ మౌనం కుదురుకోవడం వల్ల వచ్చినదా, ఆశ వదులుకోవడం వల్ల వచ్చినదా అని ఒక్కసారి ఆలోచించడం మంచిది. ఆమె తింటున్నదా, నిద్రపోతున్నదా, ఒక్క స్నేహితురాలి పేరైనా చెబుతున్నదా అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులు వారాంతపు పరీక్షలో వచ్చిన మార్కుల కన్నా ఎక్కువ సంగతులు చెబుతాయి.

చదువుకునే పిల్లల మానసిక ఆరోగ్యం విషయంలో దేశం మొత్తానికి వర్తించే తీర్పు తెలుగు నేల మీద జరిగిన ఒక మరణం నుంచే వచ్చింది. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ హాస్టల్లో ఉన్న 17 ఏళ్ళ విద్యార్థిని మృతి కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో పాటు, చట్టం వచ్చేదాకా విద్యాసంస్థలన్నీ పాటించవలసిన 15 మార్గదర్శకాలను జారీచేసింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌గాని, సైకాలజిస్టుగాని, సామాజిక కార్యకర్తగాని కనీసం ఒక్కరైనా ఉండాలని, మార్కులను బట్టి విద్యార్థులను బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలని, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని, హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్ళలో, తరగతుల్లో కనబడేలా రాయాలని అది ఆదేశించింది. ర్యాంకుల ప్రకారం సెక్షన్లు చేసి, కింది సెక్షన్‌కు దింపడాన్ని శిక్షగా వాడుకునే పద్ధతి కార్పొరేట్ కళాశాలల్లో ఎంతగా పాతుకుపోయిందో తెలిసినవారికి ఈ ఆదేశం విలువ వేరే చెప్పనక్కరలేదు. పిల్లల్ని చేర్పించేముందు గత ఏడాది ర్యాంకులతో పాటు కౌన్సెలర్ ఎవరు, అతని చదువేమిటి, విద్యార్థి అతణ్ణి వార్డెన్ అనుమతి లేకుండా కలవవచ్చునా అని కూడా అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది, అడగడం వారి బాధ్యత కూడా.

అంతమంది నిపుణులు ఎక్కడినుంచి వస్తారన్నది న్యాయమైన ప్రశ్న. దీనికి బీహార్ నుంచి ఒక విలువైన జవాబు వచ్చింది. నలందా జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో జరిగి, 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడిన సెహర్ అధ్యయనంలో, మానసిక శాస్త్రం చదవని మామూలు వ్యక్తులకు శిక్షణ ఇచ్చి కొన్ని బడుల్లో కౌన్సెలర్లుగా నియమించారు; కొన్ని బడుల్లో అదే పనిని ఒక ఉపాధ్యాయుడికి అప్పగించారు. పిల్లలు పేరు రాయకుండా తమ గోడును రాసి వేసే పెట్టె, గోడపత్రిక, ప్రార్థన సమయంలో చర్చలు, కావలసినవారికి విడిగా సలహా ఆ కార్యక్రమంలో భాగాలు. కౌన్సెలర్ ఉన్న బడుల్లో పిల్లల కుంగుబాటు లక్షణాలు, తోటివారిని ఏడిపించడం, హింస తగ్గాయి, బడిమీద పిల్లల అభిప్రాయం మెరుగుపడింది. ఉపాధ్యాయుడు చేసిన బడుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉపాధ్యాయులకు పిల్లల మీద ప్రేమ లేక ఇలా జరిగిందనుకోవడం అన్యాయం. సిలబస్, హాజరు, పరీక్షల భారం మోస్తున్న మనిషికి ఇంకొక పని తగిలిస్తే అది వెనకబడుతుంది. పైగా మార్కులు వేసే మనిషి ముందు మనసు విప్పడం ఏ పిల్లలకూ సులువు కాదు. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో జరిగిన ప్రైడ్ అనే మరొక అధ్యయనంలోనూ, సమస్య ఏమిటో తేల్చుకో, దారులేమున్నాయో చూడు, ఒకటి ఎంచుకుని చేసిచూడు అన్న మూడు మెట్ల పద్ధతిని బొమ్మల కథల పుస్తకాల సాయంతో సామాన్య కౌన్సెలర్లే మూడు వారాల్లో నేర్పి మంచి ఫలితం సాధించారు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ, గురుకుల పాఠశాలలకు ఈ నమూనా అందుబాటులో లేనంత ఖరీదైనదేమీ కాదు.

కౌమార వయసువారి విషయంలో అన్నింటికన్నా పెద్ద అడ్డంకి నమ్మకం. తాను చెప్పినదంతా సాయంత్రానికి అమ్మకు తెలుస్తుందన్న అనుమానం ఉన్నంతవరకు పదహారేళ్ళ కుర్రవాడు నోరు విప్పడు. అందుకే మంచి చికిత్సకులు మొదటి రోజునే తల్లిదండ్రుల ఎదుట గోప్యత గీతను స్పష్టంగా గీస్తారు: స్నేహాలు, ప్రేమలు, అలకలు, తిట్లు గదిలోనే ఉంటాయి, ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, ఎవరైనా హింసిస్తున్నప్పుడు మాత్రం చెప్పవలసినవారికి చెప్పక తప్పదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినవారు ఎవరైనా ఫిర్యాదు చేసి తీరాలి, అందుకు చికిత్సకులూ మినహాయింపు కాదు. గది బయట కూర్చున్న తల్లికి లోపల జరిగినదంతా తెలుసుకోవాలని ఉండడం ప్రేమ వల్లే. అయినా తలుపు మూసి ఉంచడమే ఆ ప్రేమకు మేలు చేస్తుంది.

చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం తెలుగిళ్ళలో బలంగా ఉంది. పరిశోధనలు దాన్ని సమర్థించడం లేదు. నెమ్మదిగా, తీర్పు చెప్పకుండా, నేరుగా అడిగితే పిల్లల గుండె బరువు దిగుతుందే గాని ప్రమాదం పెరగదు. అవునన్న జవాబు వస్తే కేకలు వేయడం, ఒట్లు వేయించుకోవడం, తల్లిదండ్రుల త్యాగాలను గుర్తు చేయడం మాని, పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకుండా అదే రోజు వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాలి. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారని భావించి, వారిని శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది కాబట్టి పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్ళకుండా ఆగవలసిన పని లేదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక చాలామంది కాలం వృథా చేస్తారు. సైకియాట్రిస్టు వైద్యవిద్య చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, పరీక్షలు, మాటలతో చేసే చికిత్స చేస్తారు. భారత పునరావాస మండలిలో వారి పేరు నమోదై ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. కొద్దివారాల కోర్సు పత్రాన్ని గోడకు తగిలించుకుని కౌన్సెలర్లమని చెప్పుకునేవారు పట్టణాల్లో పెరుగుతున్నారు, పసిపిల్లల విషయంలో వారిని గుడ్డిగా నమ్మడం ప్రమాదం. కుంగుబాటు, ఆందోళన తీవ్రంగా ఉన్నప్పుడు మందులు అవసరమవుతాయి; కుంగుబాటు మందులు మొదలుపెట్టిన తొలివారాల్లో కొందరు పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చునని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినందువల్ల, ఆ వారాల్లో డాక్టరును తరచు కలవాలి, మందును సొంతంగా ఆపకూడదు. దిష్టి తీయించినా, తాయెత్తు కట్టించినా ఇంటివారి మనసుకు ఊరట కలిగితే అభ్యంతరం పెట్టనక్కరలేదు, ఆ పేరుతో వైద్యాన్ని వాయిదా వేయడమే తప్పు. 'ఎర్రగడ్డకు పంపాలి' అన్న వెటకారం ఎన్ని కుటుంబాలను వైద్యానికి దూరం చేసిందో చెప్పలేం. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ గాని, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల గాని, ప్రభుత్వ వైద్య కళాశాలల మానసిక వైద్య విభాగాలు గాని జబ్బు నయం చేసే ఆసుపత్రులే, సామాన్యులకు అందుబాటులో ఉన్నవి కూడా అవే.

ఆసుపత్రిదాకా వెళ్ళడానికి ఇంకా మనసొప్పనివారు ఫోనుతో మొదలుపెట్టవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. తల్లిదండ్రులే గాక పిల్లలు కూడా నేరుగా ఫోను చేయవచ్చు. ఇంట్లోనో, బడిలోనో, హాస్టల్లోనో హింసకు గురవుతున్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది. ఈ రెండు నంబర్లనూ పిల్లల డైరీ మొదటి పేజీలో ఈరోజే రాసిపెట్టండి, వాటికి ఫోను చేస్తే ఇంట్లో ఎవరూ కోప్పడరని వారికి చెప్పండి.